మా అక్క పాటలో నల్ల మెట్టు

నా డైరీలలో మా అక్క పాట పదిహేడు చోట్ల ఉంది. ఈ ఎండాకాలం అటక మీది పెట్టె దించి, ఒక్కో సంవత్సరం బయటికి తీసి, అన్నీ వెతికాను. పదిహేడు చోట్లా స్వరాలు రాసి ఉన్నాయి. పదిహేడు చోట్లా తప్పు రాశాను. తెలియక రాసిన తప్పు కాదు.

డైరీ రాయడం ఉద్యోగంతో అబ్బిన అలవాటు. నల్లగొండ జిల్లాలో ఊరూరా తిరిగి బోర్ల నీళ్లు సీసాల్లో పట్టి, చీటీ అంటించి, ఫ్లోరైడ్ పరీక్షకు పంపడం నా పని. ఏ ఊరు, ఎవరి బోరు, ఎన్ని గంటలకు పట్టాను అన్నది చీటీ మీద రాసి, అదే సాయంత్రం డైరీలోనూ రాసుకునేవాణ్ని. ఆదివారం సీసాలు ఉండవు కాబట్టి చర్చి సంగతులు రాసేవాణ్ని: ఏ పాట, ఏ శ్రుతి, ఏ స్వరాలు. మర్రిగూడ దగ్గర మా వాడలో ఉన్న చిన్న చర్చిలో హార్మోనియం వాయించేది నేనే. మిషన్ బడిలో ఒక ముసలి పంతులు నేర్పాడు. పాటకు ఏడు మెట్లు చాలు, ఎనిమిదో మెట్టు ఒత్తితే వేళ్ల మీద బెత్తం పడుతుంది అన్నది ఆయన మొదటి పాఠం. పడింది కూడా.

అక్క నాకంటే ఆరేళ్లు పెద్దది. మా వాడలో బావి నీళ్లు నోట పెట్టుకోలేనంత చేదుగా ఉండేవి. మంచినీళ్ల బావి పొలాలకు అవతల, చాలా దూరం. మా అమ్మ ఒక వేసవిలో అక్కడికి పోయి, తిరిగొస్తూ బిందెతో సహా దారిలో పడిపోయింది. మళ్లీ లేవలేదు. నాకు పదేళ్లు. మట్టి చేసేటప్పుడు పాస్టరు ప్రార్థన ముగించాక, అందరూ పిడికెడు మన్ను చేతిలోకి తీసుకున్నారు. అప్పుడు మా అక్క ఎవరూ అడక్కుండానే గొంతెత్తింది.

"నీళ్లకు పోయిన మా అమ్మ, నీ వాకిట్లకొచ్చెనా అయ్యా?"

అంతకు ముందు ఆ పాట ఎక్కడా లేదు. రెండో చరణంలో "బిందె దించెనా అమ్మ" అని అడిగింది, మూడో చరణంలో "దూప తీరెనా అమ్మ" అని. దూప అంటే దాహం, అయ్య అంటే దేవుడు. మూడు చరణాల్లోనూ "అమ్మ" అన్న మాట దగ్గర ఆమె గొంతు ఉండాల్సిన చోట ఉండక ఒక మెట్టు కిందికి జారేది. సరిగమల్లో 'గ' పలకాల్సిన చోటు అది. ఆమె దానికి ఆనుకుని కింద ఉన్న నల్ల మెట్టు మీద నిలబడేది. ఆ జారుడు దగ్గర మన్ను పట్టుకున్న చేతులు కాసేపు ఆగిపోయేవి. అప్పటినుంచి మా వాడలో ఎవరు పోయినా మన్ను వేసేటప్పుడు ఆ పాటే. పాడేది అక్క. కొంత పెద్దయ్యాక వాయించేది నేను.

ముప్పై ఏళ్లకు పైగా ఆ మాట దగ్గర నేను ఆ నల్ల మెట్టు ఒత్తాను. ఒత్తకపోతే ఆమె గొంతుకూ నా హార్మోనియం పెట్టెకూ పడదు. ఇంటికొచ్చి డైరీలో మాత్రం 'గ' అని రాశాను. పంతులు చెప్పిన ఏడింటిలో ఉన్నది 'గ'నే. నాట్లకు పోయే మనిషి గొంతు జారుతోంది, పెట్టెతో దాన్ని నేను కప్పిపుచ్చుతున్నాను అనుకునేవాణ్ని. దాన్ని కాగితం మీద పెడితే రేపు ఎవరైనా చదువుకున్నవాళ్లు చూసి నవ్వుతారని భయం. నా అక్క తప్పు పాడిందని నా చేత్తో రాయడం ఎందుకు అనుకున్నాను. ఆమె తప్పు పాడటం లేదేమో అన్న ఆలోచన నాకు రాలేదు.

అక్కకు చదువు రాదు. నేను డైరీ తెరిస్తే చాలు, పక్కన చేరేది.

"ఏం రాస్తున్నవురా తమ్మీ?"

"నీ పాటనే అక్కా."

"ఇన్నొద్దులు నీళ్లను సీసల పట్టినవు. ఇప్పుడు నా పాటను గూడ సీసల పట్టి చీటీ అంటిస్తున్నవా?" అని తనే నవ్వేది. "సీసలు నింపుడే గని ఊరికి నీళ్లు మార్చినవారా ఏనాడన్న?"

మా బావను మట్టి చేసి వచ్చిన రోజు, అరుగు మీద కూర్చుని ఆమె నన్ను ఒకటే కోరింది.

"నా మన్నుకాడ గీ పాట నువ్వే వాయించాలె. ఆడోళ్లు పాడుతరు. అమ్మ అన్నకాడ గట్లనే కిందికి దింపుర్రి. పైకి పెట్టిండ్రనుకో, గుంతల్నుంచి లేసొస్త."

"సరే అక్కా" అన్నాను. ఆ రోజు డైరీలో అది కూడా రాశాను.

రాష్ట్రం వచ్చింది. కొన్నాళ్లకు ఇంటింటికీ నల్లా నీళ్లు వచ్చాయి. అప్పటికి మా ఎముకలు తాగాల్సిన నీళ్లు తాగేశాయి. అక్క మెడ తిప్పలేకపోయేది, పిలిస్తే మనిషంతా తిరిగేది. నాకు వేళ్లు పోయాయి. రిటైరైన ఏడాదికే వేళ్ల కణుపులు బిగుసుకుని, ఒక మెట్టు ఒత్తబోతే రెండు పలకడం మొదలైంది. ఒక ఆదివారం స్తుతిపాట మధ్యలో మూడు సార్లు అలా జరిగింది. వెనక బెంచీలో ఒకామె అన్న మాట నాకు వినబడాలనే అంది: "ఏందక్కా, సార్ పెట్టె మీద కోళ్లనిడిసిండ్రా?" పాట ఆగలేదు గాని పాడేవాళ్ల భుజాలు కదిలాయి. ఆ రోజు డైరీలో పాటల కింద "వేళ్లు" అని ఒక్క మాటే ఉంది.

పాస్టరు గారి భార్య ఆ నవ్వును చూసింది. ఆమె మేళ్లచెరువు దగ్గర సిమెంటు ఫ్యాక్టరీ క్వార్టర్లలో పెరిగిన మనిషి, ముప్పై ఐదేళ్లుంటాయి. చర్చిలో అందరం ఆమెను అమ్మగారు అంటాం, పాటల పని అంతా ఆమెదే. మరుసటి వారం ఒక ట్యాబు, దానికి తగిలించే చిన్న కీబోర్డు పట్టుకుని మా ఇంటికే వచ్చింది.

"సార్, దీంట్లో మీరు ముందుగా స్కేల్ పెట్టుకుంటారు. ఆ పాటకు కావలసిన ఏడు స్వరాలే పలుకుతాయి. పొరపాటున పక్క మెట్టు తగిలినా సరే, దగ్గరి సరైన స్వరమే వస్తుంది. ఒక్క వేలితో ఒక్క మెట్టు ఒత్తితే చాలు, మూడు స్వరాలు కలిపి కార్డ్ అదే వాయిస్తుంది."

"మరి తప్పు?"

"తప్పు పడదు సార్. ఇదిగో, ఈ మూల తాళంకప్ప బొమ్మ ఉంది చూడండి. ఇది వేసి ఉన్నంతసేపు మీరు మోచెయ్యి పెట్టినా తప్పు పడదు."

నేను మోచెయ్యి పెట్టి చూశాను. నిజమే. పడలేదు.

ఆ వారం నేను ఎంత సంతోషపడ్డానో ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది. ఒక కొత్త నోటుబుక్కు కొని గీతలు కొట్టి, చర్చిలో పాడే పాటలన్నీ వరుసగా వేసి, ఒక్కోదానికి శ్రుతి, స్కేలు, మొదటి కార్డు రాసుకున్నాను. నేను చదువుతుంటే ఆమె ట్యాబులో ఎక్కించింది. అక్క పాట వచ్చింది.

"ఈ పాటకు స్వరాలేంటి సార్? ఇది పుస్తకంలో లేదు కదా" అంది.

డైరీ తెరిచాను. నాలుగో శ్రుతి. అక్క గొంతు వయసుతో అయిదు నుంచి నాలుగుకు దిగింది, ఆ సంగతి డైరీలో సరిగ్గానే ఉంది. స్వరాలు చదివాను. ఏడు చదివాను. ఎనిమిదోది రాసి లేదు కాబట్టి చదవలేదు. నా వేలికి గుర్తుంది, ముప్పై ఏళ్లుగా పోయిన చోటు దానికి తెలియకుండా ఎలా ఉంటుంది? నోరు మాత్రం కాగితం మీద ఉన్నదే చదివింది.

ఆదివారం వచ్చింది. నా జీవితంలో ఒక్క తప్పు లేకుండా వాయించిన మొదటి ఆదివారం అదే. కోళ్ల మాట అన్నామె బయటికొచ్చాక "సార్ చేతులకు మళ్ల పానమొచ్చింది" అంది. ఇంటికి నడిచి పోతుంటే మోకాళ్ల నొప్పి కూడా తెలియలేదు.

శనివారం మధ్యాహ్నాలు చర్చిలో పాటల అభ్యాసం జరుగుతుంది. పక్క ఊళ్లో ఎవరో పెద్దాయనకు బాగా లేదని కబురు వచ్చి, మట్టి పాట ఒకసారి అనుకుందామని అమ్మగారు అక్కను పిలిపించింది. అక్క కట్టె పోటేసుకుంటూ వచ్చి గోడకు ఆనుకుని కూర్చుని ఎత్తుకుంది. నేను ఒక వేలితో వాయిస్తున్నాను. "అమ్మ" దగ్గరికి వచ్చింది. నా వేలు అలవాటు కొద్దీ నల్ల మెట్టు మీదికే పోయింది. ఒత్తాను. పలికింది 'గ'.

అక్క గొంతు కింద, యంత్రం పైన. రెండూ ఒరుసుకున్నాయి. ఆమె ఆపి, మనిషంతా నా వైపు తిరిగింది.

"గా నల్ల మెట్టు ఏమాయెరా?"

నేను జవాబు చెప్పేలోపు అమ్మగారే అంది, మర్యాదగానే: "పెద్దమ్మా, మీరు అక్కడ కొంచెం కిందికి పోతున్నారు. దీంట్లో సరిగ్గా వస్తోంది చూడండి. దాన్ని విని పాడండి."

"నేను పోతలేను బిడ్డా. పాటనే గాడికి పోతది."

"వయసు కదా పెద్దమ్మా, అందరికీ అవుతుంది."

"వయసా? పదారేండ్లప్పుడు గూడ గాడికే పోయింది. మా తమ్ముణ్నడుగు."

అమ్మగారు నన్ను చూసింది. ఆడవాళ్లందరూ చూశారు. అవునమ్మా, ఆమె పాడేదే సరి, మెట్టు మూసింది మనం అని ఒక్క వాక్యం అంటే సరిపోయేది. నేను ట్యాబు మీద దుమ్ము తుడిచాను.

మళ్లీ ఎత్తుకున్నారు. అక్క మళ్లీ కిందికే దింపింది. అమ్మగారు మళ్లీ దిద్దింది. మూడోసారి అక్క "నాకు దమ్మొస్తలేదు, మీరు పాడుర్రి" అని గోడకు తల ఆనించింది. ఆడవాళ్లు యంత్రాన్ని విని పాడారు. శుభ్రంగా వచ్చింది. అమ్మగారు దాన్నే ఫోనులో రికార్డు చేసి, నేర్చుకోవడానికి అందరికీ పంపింది. అక్క గొంతు ఎవరి ఫోనులోనూ లేదు. ఫోను పైకెత్తితే చాలు, కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. నేనూ ఎప్పుడూ పట్టి ఉంచలేదు. నా దగ్గర డైరీలు ఉన్నాయి కదా అనుకున్నాను.

రెండు రోజులకు అక్క మా ఇంటికి వచ్చి ముందరి మంచం మీద కూర్చుంది.

"గా కప్పనేదో తియ్యొచ్చంట గదరా. అమ్మగారే చెప్పింది."

"తియ్యొచ్చు."

"మరి తియ్యి."

"తీస్తే నా వేళ్లు ఎటు పడితే అటు పోతయి అక్కా. పాటల పది తప్పులు పడ్తయి. నవ్వుతరు."

"పడనీ. పది తప్పులు పడ్డకాడ గదొక్కటన్న ఒప్పు పడ్తది గద."

ఆమె నా చేతిని తన ఒళ్లోకి తీసుకుని వేళ్లను ఒక్కొక్కటి పట్టి చూసింది. నడుము వంగేటట్టు ఎండలో నాట్లేసిన చెయ్యి, నన్ను చదివించిన చెయ్యి అది. నా వేళ్లను నిమురుతూనే అంది: "నవ్వుతరని నీకు చిన్నప్పట్సందే భయం. నేను పాడుతుంటే నువ్వు తల వంచుకుని వాయిస్తవు. నేను సూడలేదనుకుంటున్నవా?"

తర్వాత ఆమె అభ్యాసానికి రాలేదు. ఆ పెద్దాయన మట్టికీ పోలేదు. మోకాళ్లు అని చెప్పి పంపింది. నేను పోయి తాళంకప్ప వేసి వాయించాను. ఆడవాళ్లు పైన పెట్టి పాడారు. "అమ్మ" దగ్గర ఎవరి చేతులూ ఆగలేదు. వరుసగా మన్ను పడింది.

మరుసటి ఏడు అక్కకు ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరి నల్లగొండ దవాఖానలో పది రోజులు ఉంది. తొమ్మిదో రోజు నేను పక్కన స్టూలు మీద కూర్చుని ఆ రోజు వేసిన మందుల పేర్లు డైరీలో ఎక్కించుకుంటున్నాను. కళ్లు తెరిచి ఆ పుస్తకాన్నే చూసింది.

"కప్ప తీసినవా?"

"తీస్తా అక్కా. నీ మీద ఒట్టు."

"నా మీద ఎందుకు? నేను పోతున్న గద. నీ మీద ఏసుకో" అంది. నవ్వబోయి దగ్గింది.

పదో రోజు పోయింది. మరునాడు మధ్యాహ్నం మూడింటికి మట్టి చేశాం. కీబోర్డును ఒక కుర్చీ మీద పెట్టి, ఆటోలో తెచ్చిన స్పీకరుకు తగిలించారు. ప్రార్థన అయింది. పిడికిళ్లలో మన్ను ఉంది. నేను ట్యాబు మూలకు వేలు పోనిచ్చి తాళంకప్ప తీశాను.

మొదటి వరుసలోనే రెండు తప్పులు పడ్డాయి. కార్డు లేదు, ఒంటి స్వరం సన్నగా పలికింది. ఎవరో తల తిప్పి చూశారు. మూడో తప్పు. "నీళ్లకు పోయిన మా" దాకా వచ్చాను. నల్ల మెట్టు మీద బొటనవేలు పెట్టి, పక్కది తగలకుండా ఏటవాలుగా ఒత్తాను. సరిగ్గా పడింది. ఆ మెట్టే పలికింది.

ఆడవాళ్లు పైన పాడారు. పన్నెండు గొంతులు ఫోనులో నేర్చుకున్నట్టు పైన నిలబడ్డాయి. కింద నేనొక్కణ్నే ఉన్నాను. ఆ రెండూ కలవక చెవికి గుచ్చుకుంటే, అప్పటిదాకా తల వంచుకుని ఉన్నవాళ్లు కూడా నన్ను చూశారు. దుఃఖంలో సార్ చెయ్యి తప్పిందని జాలిపడ్డారు. అమ్మగారు నా పక్కకు వంగి, ఎవరికీ వినబడకుండా, "సార్, లాక్ ఊడిపోయింది" అని వేలితో తాళంకప్పను తాకింది.

మిగతా రెండు చరణాలు ఒక్క తప్పు లేకుండా సాగాయి. నల్ల మెట్టు మళ్లీ రెండుసార్లు ఒత్తాను. రెండుసార్లూ పైనే పలికింది. మన్ను పడింది. అక్క లేచి రాలేదు.

వారం తర్వాత అమ్మగారు పలకరించడానికి వచ్చింది. మట్టి రోజు పాటను ఎవరో ఫోనులో పట్టారట, చర్చి గ్రూపులో పెట్టారట.

"మొదటి చరణం తీసేసి పెట్టమన్నాను సార్. అందులో మీ తప్పు వినబడుతోంది. బాగుండదు కదా అని."

ఆమె మంచికే చేసింది. మా వాడలో నన్ను నవ్వులపాలు కానివ్వని మనిషి ఆమె ఒక్కతే.

"ఒక్క మెట్టు మాత్రం తెరిచి, మిగతావి మూసే వీలుందామ్మా?" అని అడిగాను.

"ఉంది సార్. ఎంతసేపు పని?" ట్యాబు తీసి, మెట్ల బొమ్మ తెచ్చింది. "ఏ మెట్టు?"

చూపించాను. ఒక్కసారి తాకింది. ఆ మెట్టు రంగు మారింది. అంతే. ఒత్తితే పలికింది. మిగతా ఏడూ ఉన్నాయి, ఎనిమిదోదీ ఉంది, బెత్తం ఎక్కడా లేదు.

"ఇది ఎక్కడ వస్తుంది సార్?"

"మా అక్క పాటలో. అమ్మ అన్నచోట. ఆమె జారలేదు, ఆ పాట మొదటినుంచీ అంతే. నేనే రాయలేదు."

"ఆ రోజే చెప్పి ఉంటే కలిపేదాన్ని కదా సార్" అంది. తర్వాత మెల్లగా, "పెద్దమ్మను అందరి ముందర మూడుసార్లు దిద్దాను" అంది.

ఆమే తేరుకుని, "సరే, ఇప్పుడైనా నేర్చుకుంటాం. ఒకసారి పాడి చూపించండి. ఉత్త మెట్టు వింటే మాకు అర్థం కాదు, గొంతు ఎక్కడినుంచి ఎక్కడికి జారుతుందో వినాలి" అంది.

నేను ఎప్పుడూ పాడలేదు. ముప్పై ఏళ్లూ వాయించాను, అంతే. మెట్టు ఒత్తి పట్టుకుని, గొంతు సవరించుకుని ఎత్తుకున్నాను. నీళ్లకు పోయిన మా అమ్మ. మెట్టు కింద పలుకుతూనే ఉంది. నా గొంతు పైకి పోయింది. ఆపి మళ్లీ పాడాను. మళ్లీ పైకే పోయింది.

ఆమె శ్రద్ధగా విని తల ఊపింది.

"మేం పాడేది కూడా అదే కదా సార్?" అంది.